అడ్డగాలి

లైసెన్సు చేతికొచ్చి పదకొండు రోజులు.
అందులో తొమ్మిది రోజులు నేలమీదే ఉన్నాను.
పటగోనియాలో, మా మైదానంలో,
గాలి పడుకునేది తెల్లారగట్ల ఒక్క గంట.
ఎగరడమంతా ఆ గంటలోనే నేర్చుకున్నాను.
పరీక్షా ఆ గంటలోనే ఇచ్చాను,
కుక్క నిద్ర లేవకముందు గోడ దూకినట్టు.

ఇవాళ మిట్టమధ్యాహ్నం.
గాలిసంచి రన్‌వేకి అడ్డంగా
గంజి పెట్టిన చొక్కా చెయ్యిలా బిగుసుకుని ఉంది.
ఎవరిస్తో కాయూన్ వెనక సీట్లోకి ఎక్కుతూ
"మంచి రోజు" అన్నాడు.
గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకోవడమంటే ఇదే.

గాలి మాకేం కొత్త కాదు.
ఇక్కడ పిల్లలకి నడకతోపాటే ఒంగడం వస్తుంది.
కారు ఆపితే ముక్కు పడమటికి పెట్టి ఆపుతాం,
లేదంటే తీసిన చేతిలో తలుపే మిగులుతుంది.
కానీ అదంతా కాళ్ళకింద నేలున్న వాళ్ళ తెలివి.

ఉత్తరం ముఖంగా దిగుతున్నాం. గాలి ఎడమ నుంచి.
పాత పైపర్ ముక్కు గాలికేసి తిప్పి
ఎండ్రకాయలా పక్కవాటుగా వస్తున్నాను.
రన్‌వే ఎదురుగా లేదు, కుడి కిటికీలో ఉంది.
"ఇప్పుడు తిన్నగా చెయ్."
కుడికాలు తొక్కాను. ముక్కు తిరిగింది.
హమ్మయ్య అనుకున్న ఆ ఒక్క ఊపిరిలో
మొత్తం విమానాన్ని ఎత్తి కంచెవైపు నెట్టింది.
గాలివాటం అనే మాట
యాభై ఒక్కేళ్ళు ఊరికే వాడాను.

పైకి. మళ్ళీ చుట్టూ తిరిగి.

ఈసారి ఎడమ రెక్క దించాను, మరీ దించాను.
రెండు చేతులా స్టిక్కు పట్టుకున్నాను,
కత్తెర కింద గింజుకునే పొట్టేలుని పట్టుకున్నట్టు.
ఎలాగో తాకి, ఎగిరి, తాకి, పైకి లేచాం.
"నెలిదా, నీ పనేంటి?" అడిగాడు వెనకనుంచి.
తనకి తెలియదా!
ముప్పై ఏళ్ళుగా షెడ్లలో ఉన్ని తరగతులు తీస్తాను.
రెండు వేళ్ళ మధ్య పోగు పెట్టుకుని
కళ్ళు మూసుకుని చెప్తాను
ఆ గొర్రె ఏ వాలులో మేసిందో,
ఏ నెలలో పస్తుందో.
"మరి దాన్ని గొర్రెలా పట్టుకుంటావేం?
ఉన్నిలా పట్టుకో."

మూడోసారి.
చెయ్యి ఎడమంటుంది, కాలు కుడంటుంది.
ఆ పోట్లాట తెగకుండా ఉన్నంతసేపూ
దారి తిన్నగా ఉంది.
ఎడమ చక్రం తాకింది. కంకర చప్పుడు.
కుడి చక్రం. తోక.
దిగిపోయాననుకుని వేళ్ళు వదిలాను.
గాలి దానికోసమే కాచుక్కూచుంది.
తోక పట్టి గిర్రున తిప్పబోయింది.
ఎవరిస్తో బూట్లు పెడల్స్‌మీద దబదబా.
గడ్డిలో ఆగాం.
ఒక కుందేలు చెవులు కూడా ఎత్తకుండా మమ్మల్ని చూసింది.
"తాడు కట్టేదాకా దిగనట్టే" అన్నాడు.
అంతకుమించి తిట్టలేదు. తిడితే బాగుండేది.

నాలుగోసారి ఏం చేశానో సరిగ్గా చెప్పలేను.
ఒక్కటి గుర్తుంది:
ఎడమ చక్రం ఒక్కటే నేలమీద పరిగెడుతోంది,
కుడిది ఇంకా గాలిలోనే ఉంది.
నేను దాన్ని దించలేదు.
పోగు ఎంత సన్నమో చూస్తున్నట్టు పట్టుకున్నాను.
వేగం తగ్గేకొద్దీ స్టిక్కు ఎడమకి, ఇంకా ఎడమకి,
ఇంక పోదనేంత ఎడమకి.
కుడి చక్రం తనంతట తనే వచ్చి కూచుంది.

తాళ్ళు కట్టాం. రెండు రెక్కలకీ, తోకకీ.
షెడ్డులో మాతే కాస్తూ
లాగ్‌బుక్కులో ల్యాండింగులు: 1 అని రాశాడు.
"మూడుసార్లు తాకాం కదా" అన్నాను.
"రెండు గాలి దింపినవి" అన్నాడు,
"వాటికి దాని పుస్తకం దానికుంది."

బయటికొచ్చాను.
ముక్కు పడమటికి పెట్టిన నా పికప్పు,
రేకుల్ని వాయిస్తున్న గాలి.
రేపు ఎటునుంచి వస్తావ్ అని అడగబోయి
నోరంతా దుమ్ము.